బల్ల కొలిచి తెర కొనాలి

ఆటలకి ఎన్ని అంగుళాల మానిటర్ కొనాలి? 24 సరిపోతుందా, 27 తీసుకోవాలా, ఎలాగూ డబ్బు పెడుతున్నాం కదా అని 32 దాకా వెళ్ళాలా? యాప్రాల్‌లో కాలేజీ పిల్లలున్న ఇళ్ళలో కొత్త కంప్యూటర్ మాట వస్తే ముందు లేచే ప్రశ్న ఇదే. లోతుకుంట, తిరుమలగిరి మీదుగా ప్యారడైజ్ దాకా వెళ్ళి, పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు షాపులు తిరిగితే ఈ ప్రశ్నకి ధరల రూపంలో ఎన్ని జవాబులైనా దొరుకుతాయి. వరసగా వెలిగించి పెట్టిన తెరల్లో పెద్దదే కంటికి ఇంపుగా ఉంటుంది. అయితే షాపులో మనం నిలబడి, నాలుగైదు అడుగుల దూరం నుంచి చూస్తాం. ఇంటికి తెచ్చుకున్నాక కూర్చుని, రెండడుగుల దూరం నుంచి చూస్తాం. తెర అదే, కన్నూ అదే, మారింది దూరం ఒక్కటే. అది మారేసరికి కంటికి తెర పరిమాణమే మారిపోతుంది. అందుకని మానిటర్ ఎంపిక ఇంట్లో బల్ల దగ్గర మొదలుపెట్టాలని నా వాదన. పెట్టె మీద రాసిన అంగుళాలు సగం సంగతే చెబుతాయి. మిగతా సగం ఆ బల్ల చెబుతుంది.

పెట్టె మీది అంగుళం

అంగుళాలంటే తెర వెడల్పు అనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. నిజానికి అది ఒక మూల నుంచి ఎదుటి మూలకి ఏటవాలుగా గీసిన గీత పొడవు. ఈ అలవాటు పాత టీవీల కాలం నాటిది. తొలినాటి పిక్చర్ ట్యూబు ముఖం గుండ్రంగా ఉండేది. గుండ్రటిదానికి వెడల్పు వేరు, ఎత్తు వేరు ఉండవు కనక అడ్డకొలత ఒక్కటే చెప్పేవారు. ట్యూబులు పోయి పల్చటి పలకలు వచ్చినా కొలత మాత్రం నిలిచిపోయింది. ఇప్పటి మామూలు మానిటర్లలో వెడల్పు పదహారు పాళ్ళయితే ఎత్తు తొమ్మిది పాళ్ళు. ఆ లెక్కన 24 అంగుళాల తెర వెడల్పు సుమారు 53 సెంటీమీటర్లు, ఎత్తు 30. 27 అంగుళాలదైతే 60, 34. 32 అంగుళాలదైతే 71, 40. అంకెల్లో 24కి 32కి మధ్య తేడా మూడోవంతే. వైశాల్యంలో చూస్తే 32 అంగుళాల తెర 24 కన్నా ముప్పాతిక వంతుకి మించి పెద్దది. ఇంకో చిక్కు ఉంది. పొడుగ్గా సాగదీసినట్టుండే 34 అంగుళాల అల్ట్రావైడ్ తెర, పేరుకి 32 కన్నా పెద్దదే అయినా, ఎత్తులో 27 అంగుళాల మామూలు తెరతో సమానం. అంగుళాల అంకె ఒక్కటే చూసి కొంటే ఏది పెద్దదో కూడా సరిగ్గా తెలియదన్నమాట.

సికింద్రాబాద్ బజార్లలో మల్లెపూలు మూరల లెక్కన అమ్ముతారు. అమ్మే మనిషి చెయ్యి పొడుగైతే దండ పొడుగు, పొట్టిదైతే పొట్టి. అంగుళం అలా మనిషిని బట్టి మారదు. కానీ ఆ అంగుళం కంటికి ఎంతగా కనిపిస్తుందన్నది, మనిషి ఎక్కడ కూర్చున్నాడన్నదాన్ని బట్టి మారుతుంది. హాల్లో గోడకి 55 అంగుళాల టీవీ ఉందనుకుందాం. సోఫాలో పది అడుగుల దూరాన కూర్చున్న తండ్రి దాన్ని చూస్తున్నాడు. పక్కనే కొడుకు చేతిలో ఆరున్నర, ఏడు అంగుళాల మధ్య ఉండే ఫోను, దాన్ని అడ్డంగా తిప్పి ముఖానికి అడుగు దూరంలో పట్టుకుని ఆడుతున్నాడు. ఇద్దరిలో ఎవరి కంటికి పెద్ద బొమ్మ కనిపిస్తోంది? కొడుక్కే. టీవీ తండ్రి చూపులో సుమారు 23 డిగ్రీల మేర పరుచుకుంటే, ఫోను కొడుకు చూపులో 29 డిగ్రీలు ఆక్రమిస్తుంది. ఈ డిగ్రీల కొలతనే దృష్టికోణం అందాం. తెర ఎడమ అంచు నుంచి ఒక దారం, కుడి అంచు నుంచి ఒక దారం కట్టి రెండింటినీ కంటి దగ్గర కలిపితే, ఆ దారాల మధ్య ఎంత ఎడం ఉంటుందో అదే దృష్టికోణం. కంటి లోపలి నేత్రపటలం మీద బొమ్మ ఎంత చోట పడుతుందన్నది దీన్ని బట్టే ఉంటుంది. కన్నుకి అంగుళాలు తెలియవు, ఈ కోణమే తెలుస్తుంది.

పిడికిలితో కొలవడం

కోణాలతో వ్యవహారం యాప్రాల్‌కి కొత్తదేం కాదు. కంటోన్మెంటుని ఆనుకుని ఉన్న ఊరు. సైన్యంలో పనిచేసి రిటైరైనవాళ్ళు ఇక్కడా, పక్కనున్న సైనిక్‌పురిలోనూ ఎందరో ఉన్నారు. వాళ్ళలో ఫిరంగి దళంలో చేసినవాళ్ళకి మిల్ అనే కొలత బాగా తెలుసు. చుట్టూ తిరిగి వచ్చే వలయాన్ని 6400 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక మిల్. కిలోమీటరు దూరంలో ఉన్న మీటరు వెడల్పు వస్తువు దాదాపు ఒక మిల్ మేర కనిపిస్తుంది. వస్తువు అసలు వెడల్పు తెలిసి, చూపులో ఎంత మేర ఉందో కొలిస్తే దూరం ఎంతో చెప్పెయ్యవచ్చు. మానిటర్ విషయంలో అదే లెక్కని తిరగేసి వాడుకుంటాం. దూరం మన బల్ల నిర్ణయిస్తుంది, వెడల్పు మనం ఎంచుకుంటాం, కోణం దానంతట అదే వస్తుంది.

ఇంట్లో కొలవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి వెడల్పు చూపులో సుమారు 10 డిగ్రీలు. బొటనవేలి వెడల్పు సుమారు 2 డిగ్రీలు. పూర్ణిమ నాటి చంద్రుడు ఎంత పెద్దగా కనిపించినా అర డిగ్రీయే. పిల్లవాడి పిడికిలి చిన్నదే, వాడి చెయ్యీ పొట్టిదే కనక లెక్క ఇంచుమించు అంతే వస్తుంది. మూరకి లేని సుగుణం పిడికిలికి ఉంది.

ఇప్పుడు రెండడుగుల దూరం, అంటే 60 సెంటీమీటర్లు తీసుకుందాం. అక్కడ 24 అంగుళాల తెర 48 డిగ్రీలు, 27 అంగుళాలది 53, 32 అంగుళాలది 61 డిగ్రీలు ఆక్రమిస్తాయి. అదే 32ని 80 సెంటీమీటర్లకి జరిపితే మళ్ళీ 48 డిగ్రీలే, అచ్చం రెండడుగుల దూరంలోని 24 లాగే. కాబట్టి 32 అంగుళాలు పెద్దదా అని అడిగితే, ఎక్కడ పెడతారని ఎదురు అడగక తప్పదు.

ఈ అంకెలకి ఇంకో పక్క నుంచి అర్థం చూద్దాం. తెర వెడల్పు ఎంతో సరిగ్గా అంతే దూరంలో కూర్చుంటే కోణం 53 డిగ్రీలు వస్తుంది. రెండడుగుల దూరాన 27 అంగుళాల మానిటర్ పరిస్థితి అదే. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు దగ్గర ప్రసాద్స్ 2003లో మొదలైనప్పుడు అందులో ఐమాక్స్ తెర 95 అడుగుల వెడల్పు, 72 అడుగుల ఎత్తు అని ఊరంతా చెప్పుకున్నారు. ఆ తెర ముందు 95 అడుగుల దూరంలో కూర్చుంటే అడ్డంగా ఎంత మేర కనిపించేదో, పడగ్గది బల్ల మీది 27 అంగుళాల మానిటర్ కూడా అంతే కనిపిస్తుంది. మామూలు హాళ్ళలో మంచి సీటుకి 30 డిగ్రీలు కావాలని అమెరికాలో సినిమా ఇంజనీర్ల సంఘం చెబితే, టీహెచ్‌ఎక్స్ సంస్థ 40 దాకా చెబుతుంది. మన బల్ల మీద చిన్నదనుకుంటున్న 24 అంగుళాల తెర ఆ రెండింటినీ ముందే దాటేసింది.

సినిమాకి సరిపోయేది ఆటకి సరిపోదు

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. సినిమా చూస్తున్నప్పుడు తెర మనల్ని ముంచెత్తితేనే కదా ఆనందం, ఆట కూడా అంతే కదా, మరి కోణం పెరిగితే తప్పేమిటి? ఈ మాటలో నిజం ఉంది. చూపు అంచుల దాకా బొమ్మ నిండితే మనం ఆ లోకంలోనే ఉన్నామనిపిస్తుంది. మన కంటి అంచులు వివరాలని పట్టుకోలేకపోయినా కదలికని బాగా పట్టుకుంటాయి. అంచుల్లో చెట్లు వెనక్కి పరుగెత్తితే, కుర్చీలో కదలకుండా కూర్చున్నా ముందుకి పోతున్నట్టే ఉంటుంది. కార్ల పందేలకీ, కథ చెప్పే పెద్ద ఆటలకీ ఇది నిజంగానే ప్రాణం పోస్తుంది.

అయితే సినిమాలో దర్శకుడు చూడాల్సినదాన్ని చాలావరకు మధ్యలోనే పెడతాడు. మూలల్లో ఏముందో చదవకపోయినా కథ ఆగదు. ఆటలో అలా కాదు. ప్రాణం ఎంత మిగిలిందో ఒక మూల, తూటాలు ఎన్ని ఉన్నాయో ఇంకో మూల, చిన్న పటం మరో మూల ఉంటాయి. వాటిని నిమిషానికి ఎన్నోసార్లు చదవాలి. చదవడానికి కంటిలో ఉన్న చోటు చాలా చిన్నది. నేత్రపటలం నడిమధ్యన పచ్చచుక్క అని పిలిచే భాగంలో, రంగులనీ వివరాలనీ చూసే కోను కణాలు ఒత్తుగా పేర్చి ఉంటాయి. బారుచాపిన చేతి బొటనవేలు కప్పేంత మేర మాత్రమే మనకి నిజంగా స్పష్టంగా కనిపిస్తుంది. ఈ పేజీలో ఒక మాట మీద చూపు నిలిపి, కన్ను కదపకుండా నాలుగు మాటల అవతల ఏముందో చదవబోతే సంగతి తెలిసిపోతుంది. అంతా స్పష్టంగా కనిపిస్తున్నట్టు అనిపించడానికి కారణం, కన్ను సెకనుకి మూడుసార్ల చొప్పున అటూ ఇటూ గెంతుతూ ఉండటమే. మధ్య నుంచి పదిహేను డిగ్రీల లోపల ఆ గెంతు సునాయాసం. అది బాగా దాటితే కంటితో పాటు మెడ కూడా తిరగడం మొదలుపెడుతుంది. రెండడుగుల దూరంలో 24 అంగుళాల తెర అంచు మధ్య నుంచి 24 డిగ్రీల దూరంలో ఉంటే, 32 అంగుళాలది 30 డిగ్రీలు దాటుతుంది. ఒక్కసారికి ఇదేం పెద్ద తేడా కాదు. మూడు గంటల ఆటలో వందల సార్లు తిరిగే మెడకి అది తెలుస్తుంది.

పెద్ద తెర కొంటే ఆటలో ఎక్కువ చోటు కనిపిస్తుందన్న అపోహ కూడా ఉంది. కిటికీ పెద్దదైతే వీధి ఎక్కువగా కనిపిస్తుంది కనక మానిటర్‌కీ అంతే అనుకుంటాం. కానీ ఆట ఎంత మేర చూపించాలో ఆటే నిర్ణయిస్తుంది. వాలరెంట్ అనే కాల్పుల ఆటలో అడ్డంగా 103 డిగ్రీల లోకం కనిపిస్తుంది, మీ తెర 24 అయినా 32 అయినా అదే 103. పెద్ద తెర అదే బొమ్మని పెద్దది చేసి చూపిస్తుంది, అంతే. అల్ట్రావైడ్ తెరలు పక్కల మరికాస్త చూపించగలవు గానీ అది ఆట ఒప్పుకుంటేనే. వాలరెంట్ లాంటి పోటీ ఆటలు ఒప్పుకోవు, తెర రెండు పక్కలా నల్ల పట్టీలు మిగులుతాయి.

పోటీల్లో ఆడే మేటి ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి 24, 25 అంగుళాల తెరలే వాడుతున్నారు కదా, అందరికీ అదే ఉత్తమం అనొచ్చా? అనకూడదు. వాళ్ళు బల్ల మీదికి వంగి, తెరకి అడుగున్నర దూరంలో ముఖం పెట్టి ఆడతారు. ఆ దూరంలో 24 అంగుళాలే 60 డిగ్రీల దగ్గరికి వచ్చేస్తాయి. అంటే వాళ్ళు చిన్న తెర వాడుతున్నా వాళ్ళ కంటికి అది పెద్దదే. మనం వాళ్ళ అంగుళాలు తెచ్చుకుని వాళ్ళ దూరాన్ని వదిలేస్తున్నాం.

ముగ్గు చుక్కల లెక్క

తెర మీద బొమ్మంతా చిన్న చిన్న చుక్కలు. వాటినే పిక్సెల్ అంటారు. ఇంటి ముందు పదిహేను చుక్కల ముగ్గు వేసే అమ్మాయికి ఈ విషయం ఎవరూ నేర్పక్కర్లేదు. వాకిలి పెద్దదైనా చుక్కలు అన్నే పెడితే, చుక్కకి చుక్కకి మధ్య ఎడం పెరిగి ముగ్గు పల్చబడుతుంది. ఒత్తుగా కావాలంటే చుక్కలు పెంచాలి, పెంచితే చేతికి పని పెరుగుతుంది. మానిటర్‌కి వాకిలి అంగుళాలు, చుక్కల సంఖ్య రిజల్యూషన్, పనిచేసే చెయ్యి గ్రాఫిక్స్ కార్డు.

ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20.7 లక్షల చుక్కలు. దాన్ని 24 అంగుళాల్లో పరిస్తే ఒక్కో చుక్క 0.28 మిల్లీమీటర్లు. అదే సంఖ్యని 27 అంగుళాల్లో పరిస్తే 0.31. క్యూహెచ్‌డీలో 36.9 లక్షల చుక్కలుంటాయి, 27 అంగుళాల మీద ఒక్కోటీ 0.23 మిల్లీమీటర్లు. 4కే అంటే 82.9 లక్షలు, ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగు రెట్లు. 32 అంగుళాల మీద చుక్క 0.18కి దిగుతుంది.

ఎంత చిన్నదైతే కన్ను విడదీసి చూడలేదు? దీనికి జవాబు కంటి ఆసుపత్రి గోడ మీద ఎప్పటినుంచో వేలాడుతోంది. పైన పెద్ద అక్షరంతో మొదలై కిందికి వచ్చేకొద్దీ చిన్నవయ్యే అక్షరాల పట్టికని 1862లో హెర్మన్ స్నెల్లెన్ అనే డచ్చి వైద్యుడు తయారుచేశాడు. 6/6 అని చీటీ మీద రాశారంటే ఆరు మీటర్ల దూరం నుంచి డిగ్రీలో అరవయ్యో వంతు వివరాన్ని మీ కన్ను విడదీయగలదని అర్థం. ఆరు మీటర్ల దగ్గర అది 1.75 మిల్లీమీటర్లు. మన బల్ల దూరం అందులో పదోవంతు, 60 సెంటీమీటర్లు. కనక అక్కడ హద్దు 0.175 మిల్లీమీటర్లు. ఈ హద్దుతో పోలిస్తే, 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో చుక్కలు కలిసిపోవాలంటే మీటరు దాటి కూర్చోవాలి. 24 ఫుల్ హెచ్‌డీకి 95 సెంటీమీటర్లు, 27 క్యూహెచ్‌డీకి 80, 32 అంగుళాల 4కేకి 63 సెంటీమీటర్లు కావాలి. కదిలే బొమ్మలో కన్ను ఇంత పట్టింపుగా ఉండదు. గళ్ళ అంచులని నునుపు చేసే ఏర్పాటు ఆటల్లోనే ఉంటుంది కనక రెండడుగుల దగ్గర 27 క్యూహెచ్‌డీ ఏ లోటూ లేకుండా నడుస్తుంది. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మాత్రం ఆ దూరంలో అక్షరాల అంచులు రంపపు పళ్ళలా చూపిస్తుంది. తక్కువ ధరకి పెద్ద తెర వస్తోందని చాలామంది కొనేది దీన్నే. ఆ డబ్బుకి 24 తీసుకుంటే బొమ్మ బిగువుగా ఉంటుంది.

అలాంటప్పుడు నేరుగా 4కే తీసుకుంటే పోదా అంటే, చెయ్యి సంగతి చూడాలి. సెకనుకి 60 బొమ్మలు గీయాలంటే 4కే మీద గ్రాఫిక్స్ కార్డు దాదాపు 50 కోట్ల చుక్కలకి రంగు తేల్చాలి. కార్డుకి అంత ఓపిక లేకపోతే బొమ్మల సంఖ్య తగ్గి ఆట తడబడుతుంది. పైగా తెర పెద్దదయ్యేకొద్దీ ఆ తడబాటు ఎక్కువగా కనిపిస్తుంది. ఆటలో శత్రువు తెర ఈ అంచు నుంచి ఆ అంచుకి అర సెకనులో పరుగెత్తాడనుకుందాం. 53 డిగ్రీల తెర మీద, సెకనుకి 60 బొమ్మలైతే, బొమ్మకీ బొమ్మకీ మధ్య వాడు 1.8 డిగ్రీలు గెంతుతాడు. మూడు చంద్రబింబాలు పక్కపక్కన పెట్టినదానికన్నా ఎక్కువ దూరం అది. చూపు స్పష్టంగా ఉండే చోటు నుంచి ఒక్క గెంతులో బయటపడి ఇంకో చోట తేలతాడు. సెకనుకి 144 బొమ్మలైతే గెంతు 0.7 డిగ్రీకి తగ్గి, కన్ను వాడి వెంటే జారుతూ పోగలదు. అందుకని ఉన్న డబ్బు 4కే మీద పెట్టాలా, తెర సెకనుకి ఎన్ని బొమ్మలు మార్చగలదో చెప్పే రిఫ్రెష్ రేటు మీద పెట్టాలా అంటే, పరుగులూ కాల్పులూ ఉన్న ఆటలకి నా ఓటు రిఫ్రెష్ రేటుకే.

రెండడుగుల బల్ల ముందు

ఇక బల్ల దగ్గరికి వద్దాం. చదువుకునే బల్లలు చాలావరకు రెండడుగుల లోతువే. స్టాండు వల్ల తెర గోడకి జానెడు ఎడంగా ముందుకి వస్తుంది. మనిషి కన్ను బల్ల అంచుకి ఇవతల ఇంకో పదిహేను సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. కూడికలూ తీసివేతలూ చేస్తే కంటికీ తెరకీ మధ్య మిగిలేది 55 నుంచి 60 సెంటీమీటర్లు. ఈ బల్ల మీద 24 హాయిగా ఉంటుంది, 27 బాగుంటుంది, 32 ఇరుకు. స్టాండు తీసేసి తెరని గోడకి బిగించినా, బల్లకి తగిలించే చెయ్యి లాంటి మానిటర్ ఆర్మ్ పెట్టినా పది, పదిహేను సెంటీమీటర్లు కలిసొస్తాయి. అప్పుడు 27 అతికినట్టు కుదురుతుంది. కథల ఆటలే ఆడేవారికి 32 కూడా పనికొస్తుంది. రెండున్నర అడుగుల లోతు బల్ల ఉన్నవారు 32కి జంకనక్కర్లేదు.

పెద్ద తెర దూరంగా పెట్టినా, చిన్న తెర దగ్గరగా పెట్టినా కోణం ఒకటే అయినప్పుడు రెండూ సమానమేనా అని సూటిగా అడగొచ్చు. బొమ్మ మటుకు సమానమే, కంటికి పడే శ్రమ సమానం కాదు. దగ్గరి వస్తువు మీద చూపు నిలపాలంటే కంటి లోపలి కండరం కటకాన్ని లావు చెయ్యాలి. దూరం పెరిగేకొద్దీ ఆ పని తగ్గుతుంది. కాబట్టి చోటు ఉంటే పెద్దది దూరంగా పెట్టుకోవడమే మేలు. నలభై దాటినవారికి ఇది మరీ ముఖ్యం. పిల్లవాడి ఆట అయ్యాక అదే తెర మీద తాతగారు పింఛను వివరాలు చూసుకునే ఇళ్ళు ఉంటాయి. చత్వారపు అద్దాలు సాధారణంగా 40 సెంటీమీటర్ల దూరంలో పుస్తకం చదవడానికి ఇచ్చినవి. 70 సెంటీమీటర్ల దగ్గరున్న తెర వాటిలోంచి మసకగా ఉంటుంది. ఆయన ముందుకి వంగుతారు, లేదా గడ్డం పైకెత్తి అద్దం కింది సగంలోంచి చూస్తారు, మెడ నొప్పి పెడుతుంది. తెర పెద్దది కొన్నా ఈ బాధ తీరదు. మానిటర్ దూరం కొలిచి కళ్ళ డాక్టరుకి చెప్పి, ఆ దూరానికి అద్దాలు రాయించుకుంటే తీరుతుంది.

పెద్ద తెర పిల్లల కళ్ళు పాడుచేస్తుందన్న భయం తల్లిదండ్రుల్లో గట్టిగా ఉంది. తెర పరిమాణం వల్ల కళ్ళు పాడవుతాయనడానికి ఆధారం లేదు. తెరకేసి తదేకంగా చూస్తున్నప్పుడు రెప్పలు వెయ్యడం బాగా తగ్గిపోతుంది, కళ్ళు పొడిబారి మండుతాయి. ఇది 24 ముందైనా జరుగుతుంది, 32 ముందైనా జరుగుతుంది. హ్రస్వదృష్టి విషయంలో పరిశోధనలు చెబుతున్నది, పగటి వెలుతురులో ఆరుబయట ఎక్కువ సేపు గడిపే పిల్లల్లో అది తక్కువగా వస్తోందని. అడుగు దూరంలో ఫోను పట్టుకుని ఆడే పిల్లవాడికన్నా రెండున్నర అడుగుల దూరంలో మానిటర్ మీద ఆడేవాడి కంటి కండరం తక్కువ శ్రమపడుతుంది. సాయంత్రం వాణ్ణి గ్రౌండుకి పంపడం మాత్రం రెండు సందర్భాల్లోనూ తప్పదు.

సీటీసీకి బయల్దేరేముందు ఇంట్లో ఒక పని చెయ్యవచ్చు. పాత దినపత్రిక పేజీ ఒకటి అడ్డంగా తిప్పితే దాదాపు 24 అంగుళాల తెరంత వెడల్పు వస్తుంది. రెండు పేజీలు అతికించి 60 సెంటీమీటర్లకి 34 కత్తిరిస్తే 27, 71కి 40 కత్తిరిస్తే 32. తెర ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడ, పై అంచు కంటి ఎత్తుకి వచ్చేలా, ఒక అట్టకి ఆనించి నిలబెట్టాలి. ఆడేటప్పుడు ఎలా కూర్చుంటారో అలాగే కూర్చుని, చెయ్యి చాపి, ఎడమ అంచు నుంచి పిడికిలి పక్కన పిడికిలి పేర్చుకుంటూ కుడి అంచు దాకా లెక్కపెట్టాలి. ఐదు పడితే ఏ ఆటకైనా అది చాలు. ఆరు పడితే కింది మూలల్లో ఉన్న చిన్న అక్షరాల వార్తని, తల కదపకుండా కళ్ళు మాత్రమే తిప్పి ఒకటికి పదిసార్లు చదివి చూడండి.